నన్నారి షర్బత్తు నింపే సీసాలు, పనిముట్ల శుభ్రత

7.0 ఉద్దేశం

ఈ పాఠం చదివిన తరవాత మీరు కడగడానికీ, సూక్ష్మజీవులను చంపడానికీ ఉన్న తేడాను వివరించగలుగుతారు. పానీయం సీసాల్లో ఎందుకు పులుస్తుందో చెప్పగలుగుతారు. నింపే పనిముట్లను సరైన క్రమంలో శుభ్రం చేయగలుగుతారు.

7.1 పరిచయం

మహానంది వెళ్లినవారు అక్కడి కోనేటి నీటిని చూసే ఉంటారు. అడుగున పడిన గుండుసూది కూడా పైకి కనిపిస్తుందంటారు. ఆ ఊటనీరే చుట్టుపక్కల అరటి తోటలకూ పారుతుంది. నీరు తేటగా ఉందంటే అందులో కాంతిని అడ్డుకునేంత మలినం లేదని మాత్రమే అర్థం. ఒక మిల్లీలీటరులో వేల సూక్ష్మజీవులున్నా నీరు తేటగానే కనిపిస్తుంది. ఏ ఊటనీటికైనా, ఏ బావినీటికైనా ఇది వర్తిస్తుంది. కడిగి బోర్లించిన సీసాకూ ఇదే వర్తిస్తుంది. అది తళతళలాడుతున్నంత మాత్రాన క్రిమిరహితమైనట్టు కాదు.

7.2 ఒక అనుభవం

కొన్నేళ్ల కిందట నంద్యాల దగ్గర ఒక పల్లెలో పొదుపు సంఘం మహిళలకు నన్నారి షర్బత్తు తయారీ నేర్పాను. వేళ్లను దంచి, కషాయం తీసి, వడగట్టి, చక్కెర వేసి పాకం పట్టారు. సీసాలను నీళ్లలో మరిగించారు. నేను చెప్పినవన్నీ చేశారు. పాకాన్ని రాత్రంతా కుళాయి ఉన్న ప్లాస్టిక్ డ్రమ్ములో చల్లారనిచ్చి, మర్నాడు ఆ కుళాయి ద్వారానే సీసాల్లోకి పట్టారు.

రెండు వారాలు గడిచేసరికి మూతలు ఉబ్బాయి. కొన్ని ఎగిరిపడ్డాయి. తీసి చూస్తే నురగ, పులిసిన వాసన. డ్రమ్ము కుళాయిని విప్పి చూశాను. మరల మధ్య గోధుమరంగు జిగురు పేరుకుని ఉంది. కిందటి వేసవిలో అదే డ్రమ్ములో నిమ్మ షర్బత్తు పోశారట. కుళాయి విప్పి కడగాలని నేను వారికి చెప్పలేదు. చక్కెర కొనడానికి వారు సంఘంలో అప్పు తీసుకున్నారు. సరుకంతా పారబోయవలసి వచ్చింది. తప్పు నేర్చుకున్నవారిది కాదు, నేర్పినవాడిది. ఈ పాఠాన్ని ఇంత వివరంగా రాయడానికి కారణం అదే.

7.3 ఇంత చక్కెర ఉన్నా ఎందుకు పులుస్తుంది?

చిక్కటి పాకంలో నీటిని చక్కెర పట్టి ఉంచుతుంది. అందువల్ల చాలా బాక్టీరియాకు పెరగడానికి కావలసిన నీరు దొరకదు. అయితే కొన్ని ఈస్టులు ఈ పరిస్థితిని తట్టుకుంటాయి. జైగోశాకరోమైసిస్ రూక్సీ అటువంటిది. ఇవి చక్కెరను ఆల్కహాలుగా, కార్బన్ డై ఆక్సైడుగా మారుస్తాయి. మూతను పైకి తన్నేది ఈ వాయువే.

వేడి పాకాన్ని మూసి చల్లారనిస్తే మూత లోపల ఆవిరి నీటిబొట్లుగా మారి తిరిగి పాకం మీద పడుతుంది. అప్పుడు పై పొర పలచబడుతుంది. తడి సీసాలో పోసినా ఇదే జరుగుతుంది. పలచబడిన చోట ఈస్టులూ, బూజులూ సులభంగా పెరుగుతాయి.

పులియడానికి జీవులే కారణమని లూయీ పాశ్చర్ 1857 నుంచి వరుస పరిశోధనలతో చూపించాడు. బీరు చెడిపోవడం గురించి 1876లో ఒక గ్రంథమే ప్రచురించాడు. కొన్ని దేశాల్లో ఇళ్లలో బీరు తయారు చేసుకునేవారికీ ఇదే సమస్య. అక్కడ కూడా సీసాలు పగలడానికి ఒక ముఖ్య కారణం సరిగా కడగని కుళాయిలు, రబ్బరు పైపులు. మన రాష్ట్రంలో లైసెన్సు లేకుండా మద్యం తయారు చేయడం నేరం. కాని పనిముట్ల శుభ్రతకు సంబంధించిన సూత్రం బీరుకైనా, షర్బత్తుకైనా ఒకటే.

7.4 రెండు పనులు, ఒక క్రమం

మొదటి పని కడగడం, అంటే కంటికి కనిపించే మురికినీ, జిడ్డునూ, జిగురునూ తొలగించడం. రెండవ పని క్రిమినాశనం, అంటే మిగిలిన సూక్ష్మజీవులను వేడితోనో, రసాయనంతోనో చంపడం. ఈ క్రమాన్ని మార్చకూడదు. ఎందుకు?

సూక్ష్మజీవులు ఒక ఉపరితలాన్ని అంటుకుని జిగురుపొర కట్టుకుంటాయి. దీన్ని బయోఫిల్మ్ అంటారు. 17వ శతాబ్దంలోనే లీవెన్‌హుక్ తన పళ్ల మీది పాచిని పరిశీలించి, వెనిగర్ పైపొరలోని జీవులనే చంపిందని, లోపలికి చొరబడలేదని గమనించాడు. క్లోరిన్ విషయంలో మరో ఇబ్బంది ఉంది. అది మురికితో చర్య జరిపి అక్కడే ఖర్చయిపోతుంది, జీవులను చంపడానికి మిగలదు.

7.5 ఆచరణ విధానం

1. పాత సీసాలను ముందు వాసన చూడండి. కిరోసిన్, పురుగుమందు పోసిన సీసాలను ఎంత కడిగినా వాడకూడదు.

2. కుళాయి, వాషరు, మూత, గరాటు, పైపు అన్నింటినీ విడదీయండి. పని ముగిసిన వెంటనే నీళ్లతో జాడిస్తే జిగురు ఎండిపోదు.

3. లీటరు గోరువెచ్చని నీటికి 10 గ్రాముల వాషింగ్ సోడా కలిపి నానబెట్టండి. తరవాత బ్రష్షుతో రుద్దండి. లోపలి భాగం కనిపించని, బ్రష్షు చొరని పాత పైపును మార్చడమే మంచిది.

4. బేతంచెర్ల నాపరాయి సున్నపురాయే. ఇటువంటి నేలల్లో బోరునీరు తరచు కఠినంగా ఉంటుంది, సీసాలో తెల్లని పొర మిగులుస్తుంది. దాన్ని నిమ్మఉప్పు ద్రావణంతో తొలగించి, మంచినీటితో బాగా జాడించండి.

5. ఇప్పుడు పరీక్షించండి. శుభ్రమైన గాజు మీద నీరు ఒకే పొరగా జారుతుంది. బొట్లుబొట్లుగా నిలిస్తే జిడ్డు ఇంకా ఉన్నట్టే. మళ్లీ కడగండి.

6. గాజు సీసాలను గిన్నె అడుగున గుడ్డ పరిచి, చల్లని నీటిలో ఉంచి మరిగించండి. మరగడం మొదలయ్యాక 20 నిమిషాలు ఉంచండి. మామూలు ప్లాస్టిక్ నీళ్ల సీసాలు 70 డిగ్రీల సెల్సియస్ దాటితే మెత్తబడి వంకరపోతాయి. వాటిని మరిగించకండి.

7. మరిగించలేని వస్తువులకు 10 లీటర్ల నీటిలో 7 గ్రాముల తాజా బ్లీచింగ్ పౌడరు కలపండి. అందులో దాదాపు 30 శాతం క్లోరిన్ ఉంటే, లీటరుకు సుమారు 200 మిల్లీగ్రాములు అందుతుంది. తేటను వంచి, అందులో వస్తువులను 10 నిమిషాలు ముంచి, కాచి చల్లార్చిన నీటితో జాడించండి.

హెచ్చరిక: బ్లీచింగ్ పౌడరును నిమ్మఉప్పుతో గాని, వెనిగర్‌తో గాని, ఏ ఇతర ఆమ్లంతో గాని ఎన్నడూ కలపకూడదు. విషపూరితమైన క్లోరిన్ వాయువు వెలువడుతుంది.

8. వస్తువులను శుభ్రమైన జల్లిమీద బోర్లించి ఆరనివ్వండి. గుడ్డతో తుడిస్తే గుడ్డలోని జీవులు మళ్లీ అంటుకుంటాయి.

9. వీలైనంతవరకు పాకాన్ని వేడిగానే, వెచ్చగా ఉన్న పొడి గాజు సీసాల్లో నింపి, మూత బిగించి కొద్ది నిమిషాలు పడుకోబెట్టండి. అప్పుడు మూత లోపలి భాగానికీ వేడి తగులుతుంది.

7.6 సారాంశం

సూక్ష్మజీవులు కంటికి కనిపించవు కాబట్టి, చూపును నమ్మకుండా క్రమాన్ని నమ్మాలి: విడదీయడం, కడగడం, పరీక్షించడం, క్రిమినాశనం, ఆరబెట్టడం. ఎన్ని సీసాలు మరిగించినా, పాకం ప్రవహించే దారిలో విప్పని ఒక్క కుళాయి చాలు, శ్రమంతా వృథా కావడానికి.

7.7 మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. కడగని సీసాకు క్లోరిన్ ద్రావణం ఎందుకు సరిగా పనిచేయదు?

2. పైన చెప్పిన ద్రావణాన్ని 25 లీటర్లు తయారు చేయడానికి ఎంత బ్లీచింగ్ పౌడరు కావాలి? (సమాధానం: 17.5 గ్రాములు)

3. మీ ఇంట్లో కుళాయి ఉన్న నీళ్ల డ్రమ్మును గాని, ఫిల్టరును గాని ఎంచుకోండి. కుళాయి విప్పి చూసి, మీరు గమనించింది ఐదు వాక్యాల్లో రాయండి.