రెప్ప వాలితే నిద్ర అనుకోకండి

"కంటికి రెప్పలా" అని మనం రోజూ అంటుంటాం. ఆ రెప్పే కంటికి అడ్డమైతే ఏమవుతుందో మా ఇంట్లో చూశాను. అందుకే ఈసారి మన గోడపత్రికకు ఇది రాస్తున్నా.

మాది భీవండిలోని గైబీ నగర్. బాపు సాంచాలు నడుపుతాడు, అమ్మ కండెలు చుడుతుంది. మా తమ్ముడికి పుట్టుకతోనే ఎడమ రెప్ప సగం వాలి ఉండేది. గల్లీలో అందరూ వాణ్ని "నిద్రమొహమోడా" అని పిలిచేవాళ్లు. నేనూ పిలిచాను. వాడు గడ్డం పైకెత్తి, కనుబొమలు పైకి లాగి చూసేవాడు. బడిలో సారు అది పొగరనుకున్నారు. "పెద్దగైతే అదే పోతది" అన్నది బాపమ్మ. మేమూ అలాగే ఆగాం.

నిజానికి వాడికి నిద్ర కాదు. పైరెప్పను ఎత్తడానికి లోపల లివేటర్ అనే కండరం ఉంటుంది. మెదడు నుంచి వచ్చే మూడో నరం దాన్ని నడిపిస్తుంది. కండరం, దాన్ని రెప్పకు పట్టి ఉంచే పొర, నరం - వీటిలో ఏది దెబ్బతిన్నా రెప్ప వాలుతుంది. డాక్టర్లు దీన్ని టోసిస్ అంటారు.

కొందరు పిల్లల్లో పుట్టుకతోనే ఆ కండరం సరిగా ఎదగదు. వయసు మీద పడ్డాక పొర సాగిపోయి రెప్ప జారుతుంది. కొందరికి పొద్దున బాగానే ఉండి సాయంత్రానికి రెప్ప బరువెక్కుతుంది. అది మయస్థీనియా అనే జబ్బు కావచ్చు. దానికి ముందు మందులు వాడాలి, కత్తి కాదు.

రెండు సందర్భాల్లో మాత్రం గంట కూడా ఆగకూడదు. ఉన్నట్టుండి రెప్ప వాలి, తలనొప్పి వచ్చినా, ఒకటి రెండుగా కనిపించినా మెదడులో రక్తనాళం ఉబ్బి నరాన్ని నొక్కుతూ ఉండవచ్చు. ఇక రాత్రి నేల మీద పడుకున్న మనిషికి పొద్దున లేచేసరికి రెండు రెప్పలూ వాలిపోతుంటే కట్లపాము కాటును అనుమానించాలి. దాని కాటుకు నొప్పి, గాటు పెద్దగా ఉండవు. మంత్రాల దగ్గరికి కాదు, ఆసుపత్రికే పరుగెత్తాలి.

పిల్లల విషయంలో ప్రమాదం వేరు. చూడటం మెదడు నేర్చుకునేది దాదాపు ఏడెనిమిదేళ్ల లోపే. అప్పుడు రెప్ప కంటిపాపను మూసేస్తే మెదడు ఆ కంటిని పట్టించుకోవడం మానేస్తుంది. దాన్నే లేజీ ఐ అంటారు. కంటిపాప మూసుకుపోయేంతగా రెప్ప వాలితే పసితనంలోనే ఆపరేషన్ చేస్తారు. అంత లేకపోతే చూపును పరీక్షిస్తూ మూడు, నాలుగేళ్లు వచ్చేదాకా ఆగవచ్చు. ఆగేది డాక్టర్ చెబితేనే, మనంతట మనం కాదు.

ఆపరేషన్‌కు ముందు రెప్ప ఎన్ని మిల్లీమీటర్లు కదులుతుందో స్కేలుతో కొలుస్తారు. కండరానికి బలం ఉంటే దాన్ని కొంత కత్తిరించి, బిగించి కుడతారు. 4 మిల్లీమీటర్లు కూడా కదలకపోతే రెప్పను నుదుటి కండరానికి కలుపుతారు. అందుకు సిలికాన్ దారమో, తొడ నుంచి తీసిన పొరో వాడతారు. అప్పుడు నుదురే రెప్పను లేపుతుంది. పిల్లలకు పూర్తి మత్తు ఇస్తారు. పెద్దవాళ్లకైతే రెప్ప వరకే మత్తిచ్చి, మధ్యలో కన్ను తెరిపించి రెండు రెప్పల ఎత్తు సరిచూస్తారు. కొందరికి మళ్లీ చేయాల్సి రావచ్చు. హైదరాబాద్‌లో ఎల్.వి. ప్రసాద్ నేత్ర వైద్య సంస్థ లాంటి చోట్ల రెప్పల చికిత్సకు ప్రత్యేక డాక్టర్లు ఉంటారు.

మా తమ్ముడికి తొమ్మిదో ఏట సిలికాన్ దారంతో చేశారు. ఆ తర్వాత నిద్రలో కన్ను పూర్తిగా మూసుకునేది కాదు. నల్లగుడ్డు ఎండిపోకుండా రోజూ రాత్రి నేనే మందు పెట్టేదాన్ని. రెప్ప లేచింది. ఇప్పుడు గడ్డం దించి తిన్నగా చూస్తాడు. కానీ మంచి కంటికి నెలల తరబడి పట్టీ వేసినా ఎడమ కంటి చూపు సగమే వచ్చింది. "నాలుగేళ్లకు ముందే తెస్తే బాగుండేదమ్మా" అన్నారు డాక్టర్. అమ్మ ఏమీ మాట్లాడలేదు.

మీ ఇంట్లో, మీ వాడలో రెప్ప వాలిన పిల్లలు కనిపిస్తే పేరు పెట్టి పిలవకండి. కంటి డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లమని వాళ్ల అమ్మకు చెప్పండి.