తాగుడు మానడానికీ తోడు కావాలి

పొద్దుగూకే వేళకు మేస్త్రీ కూలిడబ్బులు పంచుతాడు. ఇల్లు చేరేలోగా దారిలోనే సగం అయిపోతాయి. మిగిలిన దాంట్లో ఉప్పూ నూనే కూడా సరిగా రావు. తెల్లారితే అదే మనిషి తల పట్టుకుని, "ఇక ముట్టను, పిల్లల మీద ఒట్టు" అంటాడు. ఆ మాట అబద్ధం కాదు. సాయంత్రానికి నిలవదు, అంతే!

ఇలాంటి మనిషిని మన కార్యకర్తలు ఏం చేస్తున్నారు? నలుగురిలో నిలబెట్టి తిడుతున్నారు. లేదంటే "వాడితో ఏమవుద్దిలే" అని వదిలేస్తున్నారు. తాగుడుకు అలవాటుపడ్డ ఒళ్లు జబ్బుపడ్డ ఒళ్లు. తిడితే జ్వరం తగ్గుతుందా?

1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో కూలి ఆడవాళ్లు సారా దుకాణాన్ని మూయించారు. అక్కడ రాజుకున్న ఉద్యమం రాష్ట్రమంతా పాకింది. 1993 అక్టోబరులో ప్రభుత్వం సారాను నిషేధించక తప్పలేదు. 1995లో సంపూర్ణ మద్యనిషేధం వచ్చింది, 1997లో ఎత్తేశారు. దుకాణం మూయించడం ఊరంతా కలిసి చేసిన పోరాటం. ఒంట్లో చేరిన తాగుడును వదిలించుకోవడం కూడా పోరాటమే. దాన్ని మాత్రం ఎవడికి వాడు ఒంటరిగా చేసుకోమంటున్నాం. లోపం ఇక్కడే ఉంది.

తాగి మానినవాళ్ల మీటింగు

1935లో అమెరికాలోని అక్రాన్ పట్టణంలో బిల్ విల్సన్ అనే షేర్ల వ్యాపారి, బాబ్ స్మిత్ అనే శస్త్రవైద్యుడు కలుసుకున్నారు. ఇద్దరూ తాగుడుతో చితికినవాళ్లే. ఒకరి గోడు ఒకరు వింటూ కూచుంటే తాగాలన్న యావ తగ్గుతోందని గమనించారు. అలా పుట్టిందే ఆల్కహాలిక్స్ అనానిమస్, పొట్టిగా ఎ.ఎ. మన దేశానికి 1950లలో వచ్చింది. హైదరాబాదు, విజయవాడ, విశాఖపట్నం వంటి చోట్ల దీని సమావేశాలు జరుగుతుంటాయి.

అక్కడ ఉపన్యాసాలుండవు. తాగి మానినవాళ్లు, మానాలనుకునేవాళ్లు చుట్టూ కూచుంటారు. ఒక్కొక్కరు తన కథ చెబుతారు, మిగతావాళ్లు వింటారు. మొదటిరోజే నోరు విప్పాలని లేదు. ఫీజు లేదు. చందా పళ్లెం తిరిగితే ఉన్నవాళ్లు వేస్తారు. సభ్యుడు కావడానికి ఒక్కటే షరతు: మానాలన్న కోరిక. "జన్మలో తాగను" అని ఒట్టు పెట్టించుకోరు. ఈ ఒక్కరోజు తాగకుండా ఉండు, రేపటి సంగతి రేపు చూద్దాం అంటారు. మళ్లీ తాగినా తలుపు మూయరు, మళ్లీ రమ్మంటారు.

"అక్కడికి పోతే ఊరంతా తెలిసిపోదా?" అంటాడొకడు.

"తాగి కాలవగట్టున పడున్నప్పుడు తెలీలేదా బావా?" అంటాడు పక్కవాడు.

నిజానికి అక్కడ విన్న పేరూ, విన్న మాటా బయటికి పోకూడదన్నది వాళ్ల కట్టుబాటు.

వాళ్ల 12 మెట్లలో దేవుడి మాట ఉంది. ఎవరికి తోచినట్టు వాళ్లు అర్థం చేసుకోవచ్చంటారు. నమ్మకం లేనివాళ్లూ వెళుతుంటారు. ఆ ఒక్క మాట కోసం మంచి తోడును పోగొట్టుకోవద్దు.

భార్యాబిడ్డలకు ఆల్-అనాన్ అనే వేరే బృందాలున్నాయి. తాగే మనిషి రాకపోయినా వాళ్లు వెళ్లొచ్చు.

ఎక్కడ అడగాలి?

కేంద్ర ప్రభుత్వ మద్యవిమోచన సహాయ నంబరు 14446. మనోవేదనకు సలహా ఇచ్చే టెలిమానస్ నంబరు 14416. రెండూ ఉచితమే. జిల్లా ఆసుపత్రిలో మానసిక వైద్యుణ్ణి అడిగినా దారి చెబుతారు. సమావేశం ఏ రోజు, ఎన్ని గంటలకు, ఎవరైనా రావచ్చా అని ముందే కనుక్కోండి. ఎవరైనా రాదగిన బహిరంగ సమావేశమైతే కార్యకర్త కూడా వెంట వెళ్లొచ్చు. మొదటిరోజు ఆ మనిషిని ఒంటరిగా పంపొద్దు. బస్సు చార్జీ లేకపోతే సంఘం చూసుకోవాలి.

ఒక హెచ్చరిక

ఏళ్ల తరబడి రోజూ తాగేవాడు ఒక్కసారిగా మానేస్తే ప్రాణాపాయం. చేతులు వణుకుతాయి, చెమటలు పడతాయి, నిద్ర పట్టదు. కొందరికి రెండురోజుల లోపే ఫిట్స్ వస్తాయి. రెండు మూడు రోజులకు లేనివి కనిపించడం, మతి తప్పడం మొదలవుతాయి. అది గాలీ ధూళీ కాదు. తాళ్లతో కట్టేయొద్దు, భూతవైద్యుణ్ణి పిలవొద్దు. వెంటనే ఆసుపత్రికి తీసుకుపోవాలి. అసలు మానకముందే డాక్టరుకు చూపిస్తే, మందులతో ఆ రోజులు గట్టెక్కించే మార్గముంది. మీటింగు ఆ తర్వాతి బతుక్కి తోడు, ఆసుపత్రికి బదులు కాదు.

మన ఊళ్లో లేకపోతే?

పట్నం దూరం, పోతే ఆ రోజు కూలి పోతుంది. ఈ ఇబ్బంది నిజమే. మానాలనుకునేవాళ్లు ఇద్దరు ముగ్గురు కూడినా అది బృందమేనని ఎ.ఎ. నియమం. ఊళ్లో మానినవాడు ఒక్కడున్నా చాలు, వారానికొకసారి బడి అరుగు మీద మొదలుపెట్టొచ్చు. చెన్నైలోని టి.టి.కె. ఆసుపత్రివారు తమిళనాడులోని మంజకుడి గ్రామంలో శిబిరాలు పెట్టి, ఊరి సాయంతో చికిత్స నడిపారు. వైద్యం పల్లెకు రావడం అసాధ్యమేమీ కాదు. మద్యం అమ్మి ఖజానా నింపుకునే ప్రభుత్వాలు మండలానికొక చికిత్సా కేంద్రం పెట్టాలని మనం గట్టిగా అడగాలి.

ఒక్కడు అడిగితే పెరగని కూలిరేటు అందరం కలిసి అడిగితే పెరిగింది. ఒంటరిగా నిలవని ఒట్టు కూడా నలుగురి మధ్య నిలుస్తుంది. ఈ వారం మీ పేటలో తాగుడుతో నలిగిపోతున్న ఒక్క మనిషి దగ్గరికి వెళ్లండి. తిట్టకండి. పక్కన కూచుని, "పోదాం రా అన్నా, నేనూ వస్తా" అనండి.