కడుపు మాడిస్తే క్యాన్సర్ మాడదు

“ఆకలి పుట్టించే హార్మోనే ప్రొస్టేట్ క్యాన్సర్‌కు మేత. ఒంటిపూట తినండి, హార్మోన్ అణుగుతుంది, గడ్డ కరుగుతుంది.” ఇది వాట్సాప్‌లో తిరుగుతున్నంతసేపు నవ్వి ఊరుకోవచ్చు. దాన్ని నమ్మి, వేయించుకోవాల్సిన ఇంజెక్షన్ మానేసి, జబ్బు వెన్నెముకకు పాకాక ఆసుపత్రికి వచ్చేవాళ్లను చూస్తే నవ్వు రాదు.

ఆకలి పుట్టించే ఆ హార్మోన్ పేరు గ్రెలిన్. 1999లో జపాన్‌లో కొజిమా, కంగావా బృందం కనుక్కుంది. ఎక్కువగా జీర్ణాశయంలో తయారవుతుంది. భోజనానికి ముందు పెరుగుతుంది, తిన్నాక తగ్గుతుంది. కడుపు మాడ్చుకుంటే అది అణగడం మాట అటుంచి, ఇంకా పెరుగుతుంది. డైటింగ్‌తో బరువు తగ్గినవాళ్లలో పెరిగినట్టూ, ఊబకాయుల్లో తక్కువగా ఉన్నట్టూ పరీక్షల్లో తేలింది. ఈ సందేశం రాసిన మహానుభావుడి లెక్కలో బొజ్జ ఉన్నవాడికి భయం లేదు, ఉపవాసికే ముప్పు! పైగా, గ్రెలిన్‌లాగే పనిచేసే అనమోరెలిన్ అనే మందుకు జపాన్ 2021లో అనుమతి ఇచ్చింది. ఎవరికో తెలుసా? ఊపిరితిత్తులు, జీర్ణాశయం, క్లోమం, పెద్దపేగు క్యాన్సర్లతో చిక్కి శల్యమవుతున్న రోగులకు.

గ్రెలిన్ కుదరకపోతే లెప్టిన్ మీద పడతారు. 1994లో ఫ్రీడ్‌మన్ బృందం బయటపెట్టిన ఈ హార్మోన్ కొవ్వు కణాల్లో పుట్టి, తిన్నది చాలని మెదడుకు చెబుతుంది. ప్రయోగశాలలో కొన్నిరకాల ప్రొస్టేట్ క్యాన్సర్ కణాలు దీనివల్ల పెరిగిన మాట నిజం. కానీ మనుషుల దగ్గరికొచ్చేసరికి లెక్క తేలలేదు. స్వీడన్‌లో ఒక అధ్యయనం సంబంధం ఉందంటే, అమెరికా డాక్టర్లను 25 ఏళ్లపాటు గమనించిన అధ్యయనానికి అలాంటిదేమీ కనబడలేదు.

ఇక నోబెల్ ముచ్చట. ఉపవాసం క్యాన్సర్‌ను చంపుతుందని కనిపెట్టినందుకే 2016లో జపాన్ శాస్త్రవేత్త ఒసుమికి బహుమతి వచ్చిందట! ఆయన చూసింది ఈస్ట్ కణాలు తమలోని పాత సరుకును తామే ఎలా అరిగించుకుంటాయన్నది. క్యాన్సర్ కణాలకూ ఆ విద్య వచ్చు. తిండి అందనప్పుడు అవి బతికి బట్టకట్టడానికి అదే ఆసరా అవుతుంది కూడా.

ప్రొస్టేట్ క్యాన్సర్‌ను నడిపించే అసలు హార్మోన్ టెస్టోస్టిరాన్. దాన్ని తగ్గిస్తే వ్యాధి తగ్గుముఖం పడుతుందని 1941లోనే చార్లెస్ హగిన్స్ చూపించారు, 1966లో నోబెల్ అందుకున్నారు. నెలకో, మూడు నెలలకో వేసే ఇంజెక్షన్ పని అదే. మానేస్తే టెస్టోస్టిరాన్ మళ్లీ లేస్తుంది, దానితోపాటు వ్యాధీ. ఆ ఇంజెక్షన్ వల్ల కండ తగ్గి కొవ్వు పెరుగుతుంది, ఎముకలు పలచబడతాయి. అలాంటి మనిషిని పస్తుంచితే మిగిలిన కండ కూడా పోతుంది. లంఖణం పరమౌషధం అన్నది అజీర్తికేమో, దీనికి మాత్రం కాదు.

సరే, ఒకటి ఒప్పుకోక తప్పదు. బొజ్జకూ ఈ జబ్బుకూ సంబంధం ఉంది. ఊబకాయుల్లో ముదిరిన ప్రొస్టేట్ క్యాన్సర్ ముప్పు ఎక్కువ. కొవ్వు పెరిగేకొద్దీ తగ్గిపోయే అడిపోనెక్టిన్ అనే హార్మోన్ ఎక్కువగా ఉన్నవాళ్లలో ప్రాణాంతక రకం తక్కువని, పైన చెప్పిన డాక్టర్ల అధ్యయనమే చూపింది. ఇంకో చిక్కు, లావుగా ఉన్నవాళ్లలో రక్తం పరిమాణం ఎక్కువ కాబట్టి, ప్రొస్టేట్ నుంచి రక్తంలోకి వచ్చే పీఎస్ఏ అనే ప్రొటీన్ పలచబడి, పరీక్షలో ఉన్నదానికన్నా తక్కువగా కనిపించవచ్చు. అందుకని నెమ్మదిగా బరువు తగ్గండి. అది చికిత్సతోపాటు చేయాల్సిన పని.

మిగతావి చిల్లర అపోహలు. ప్రొస్టేట్ ఉబ్బితే క్యాన్సర్‌గా మారుతుందా? మారదు. పీఎస్ఏ పెరిగితే క్యాన్సరేనా? ఇన్‌ఫెక్షన్‌కూ పెరుగుతుంది. సన్నగా ఉన్నవాళ్లకు రాదా? వయసుకూ వంశానికీ నడుం కొలతతో పనిలేదు.

యాభై దాటినవాళ్లు, తండ్రికో అన్నదమ్ములకో ఉంటే నలభై అయిదు నుంచే, పీఎస్ఏ గురించి డాక్టర్‌ను అడగండి. మొదట్లో ఈ జబ్బుకు నొప్పి ఉండదు. ఇంజెక్షన్ మీద ఉన్నవాళ్లు గుడ్డు, పప్పు, పెరుగు మానకండి. నడకతోపాటు చిన్న బరువులెత్తే వ్యాయామం చేయండి, ఎముకల పరీక్ష అడిగి చేయించుకోండి. ఏకాదశి ఉపవాసం తప్పదనుకుంటే, షుగరు మందులు వాడేవాళ్లు ఆ రోజు మోతాదు ఎంతో ముందే కనుక్కోండి.