ట్రయల్ తీసుకునే ముందే లెక్క తేల్చుకోండి

హైదరాబాద్–విజయవాడ హైవే మీద నకిరేకల్ దాటి సూర్యాపేట వైపు వెళ్తుంటే కేతేపల్లి వస్తుంది. మూసీ ప్రాజెక్టు ఈ మండలంలోనే ఉన్నా, కాలువ నీళ్లు అందని పొలాలకు బోరు మోటారే దిక్కు. అది కాలిందంటే పైకి తీయాలి, వైండింగ్ షాపుకు మోయాలి. ఈలోగా ఒక తడి పోతుంది. ఇలాంటి ఊరి నుంచి వచ్చి ట్రిపుల్‌ఈ చదివేవాళ్లు ఫైనల్ ఇయర్ ప్రాజెక్టుకు టాపిక్ ఎక్కడో వెతుక్కోవాల్సిన పనిలేదు. ఆ మోటారు లోపల అయస్కాంత క్షేత్రం ఎక్కడ ఎంత ఉంది, కోర్ ఎక్కడ శాచురేట్ అవుతోంది అన్నది కంప్యూటర్‌లో చూపించగలిగితే చాలు.

చిక్కంతా సాఫ్ట్‌వేర్ దగ్గరే. ఎలక్ట్రోమాగ్నెటిక్ సిమ్యులేషన్‌కు వాడే పెద్ద ప్యాకేజీల లైసెన్సు విద్యార్థి జేబుకు అందేది కాదు. దాంతో కొందరు క్రాక్ వెర్షన్ వేసుకుంటారు, ఇంకొందరు అమీర్‌పేట వెళ్లి రెడీమేడ్ ప్రాజెక్టు కొనుక్కొస్తారు. క్రాక్‌తో పాటు వైరస్ రావడం ఒక ఎత్తు. ఇంటర్వ్యూలో ‘బౌండరీ కండిషన్ ఏం పెట్టావు, మెష్ ఎంత తీసుకున్నావు’ అని అడిగినప్పుడు నోరు పెగలకపోవడం ఇంకో ఎత్తు. నిజానికి ఆ రెండు దార్లూ అక్కర్లేదు.

ముందు ఫ్రీక్వెన్సీ చూడండి

ఏ సాఫ్ట్‌వేర్ కావాలన్నది ఒక్క ప్రశ్నతో సగం తేలిపోతుంది. మీ సమస్య 50 హెర్ట్జ్‌దా, గిగాహెర్ట్జ్‌దా? మోటారు, ట్రాన్స్‌ఫార్మర్, రిలే లాంటివాటికి డేవిడ్ మీకర్ రాసిన ఫెమ్ ఉంది. పూర్తిగా ఉచితం, మామూలు విండోస్ ల్యాప్‌టాప్‌లో నడుస్తుంది. టూడీ మాత్రమే, కానీ మోటారును అడ్డంగా కోసి చూడటానికి అది చాలు. త్రీడీ కావాలంటే ఫిన్లాండ్‌లోని సీఎస్‌సీ సంస్థ ఇచ్చే ఎల్మర్ కూడా ఉచితమే. నేర్చుకోవడానికి మాత్రం ఓపిక కావాలి.

ఈసీఈ వాళ్లు యాంటెన్నా కోసం ఫెమ్ తెరిస్తే లాభం లేదు. అది డిస్‌ప్లేస్‌మెంట్ కరెంటును లెక్కలోకి తీసుకోదు. వాళ్లకు ఓపెన్‌ఈఎంఎస్ ఉంది, ఆక్టేవ్ లేదా పైథాన్‌తో నడుస్తుంది. తీగ యాంటెన్నాలకైతే అమెరికాలోని లారెన్స్ లివర్‌మోర్ ల్యాబ్‌లో తయారైన ఎన్‌ఈసీ-2, దాన్ని విండోస్‌లో సులువుగా వాడుకునే 4ఎన్‌ఈసీ2 ఉన్నాయి.

పెద్ద కంపెనీల స్టూడెంట్ ఎడిషన్లూ ఉన్నాయి. ఆన్సిస్ వాళ్ల ఎలక్ట్రానిక్స్ డెస్క్‌టాప్ స్టూడెంట్‌లో మోటార్లకు మాక్స్‌వెల్, యాంటెన్నాలకు హెచ్‌ఎఫ్‌ఎస్‌ఎస్ రెండూ వస్తాయి. సీఎస్‌టీకి లెర్నింగ్ ఎడిషన్ ఉంది. మెష్ మీద పరిమితి ఉంటుంది, డబ్బులు తీసుకుని చేసే పనికి వాడకూడదు. కామ్‌సాల్ లాంటివైతే అడిగితే సాధారణంగా రెండు వారాల ట్రయల్ ఇస్తాయి. జీమెయిల్‌తో కాకుండా కాలేజీ మెయిల్ ఐడీతో, మీ ప్రాజెక్టు గురించి నాలుగు ముక్కలు రాసి అడగండి.

ఇక్కడే చాలామంది ట్రయల్‌ను వృథా చేస్తారు. ఇన్‌స్టాల్ చేశాక మెనూలు నేర్చుకోవడానికే వారం పోతుంది. అందుకే ట్రయల్ చివర్న అడగాలి. డ్రాయింగు, మెటీరియల్ వివరాలు, చేతి లెక్క అన్నీ ఉచిత సాఫ్ట్‌వేర్‌తో తేలాకే.

చేతి లెక్క అంటే ఎంతో కాదు. 10 సెంటీమీటర్ల పొడవు, 2 సెంటీమీటర్ల వ్యాసం ఉన్న కాయిల్, 500 చుట్లు, 2 ఆంపియర్లు అనుకోండి. పొడవైన సాలినాయిడ్ సూత్రం ప్రకారం లోపల 12.57 మిల్లీటెస్లా రావాలి. కాయిల్ పొడవుకు హద్దు ఉంది కాబట్టి సిమ్యులేషన్‌లో మధ్యలో సుమారు 12.3 వస్తుంది. చాలా తేడా వస్తే ముందు యూనిట్లు చూడండి (మిల్లీమీటర్లకు బదులు అంగుళాలు పెట్టేసి ఉంటారు), తర్వాత బౌండరీ కాయిల్‌కు మరీ దగ్గరగా ఉందేమో చూడండి. యాంటెన్నా వాళ్లకు ఇదే పరీక్ష హాఫ్‌వేవ్ డైపోల్. రెసిస్టెన్స్ 73 ఓమ్‌ల దగ్గర రావాలి.

ఇక మోటారు. కొలతలు వైండింగ్ షాపులోనే దొరుకుతాయి. పాత వైండింగ్ తీసేటప్పుడు మేస్త్రీలు చుట్లు లెక్కపెట్టి, తీగ గేజ్ చూసి రాసుకుంటారు. ‘అన్నా, ఒక్కో స్లాట్‌కు ఎన్ని చుట్లు?’ అని అడిగితే చెప్తారు. స్లాట్లు మీరే లెక్కపెట్టండి, స్టాంపింగ్‌ను స్కేలుతో కాక వెర్నియర్‌తో కొలవండి. స్టీలు రకం తెలియకపోతే ఫెమ్ లైబ్రరీలోని ఎం-19 లాంటిది పెట్టి, ఆ సంగతి రిపోర్టులో రాయండి. లోడ్ లేనప్పుడు రోటర్‌లో కరెంటు దాదాపు ఉండదు కాబట్టి, మొదట స్టేటర్ కరెంటు ఒక్కటే పెట్టి స్టాటిక్‌గా చేస్తే సరిపోతుంది.

ఈ పని తెలిసినవాళ్లకు హైదరాబాద్‌లోనే చోటుంది. చంద్రయాన్ కోసం బ్యాలాలులో నిలబెట్టిన 32 మీటర్ల యాంటెన్నా తయారీలో మన ఈసీఐఎల్ పాత్ర పెద్దది. డీఎల్‌ఆర్‌ఎల్, ఆస్ట్రా మైక్రోవేవ్, బీహెచ్‌ఈఎల్ ఇక్కడే ఉన్నాయి. రెజ్యూమెలో సాఫ్ట్‌వేర్ల పేర్లు వరుసగా పేర్చడం కన్నా ‘బోరు మోటారు స్టేటర్, ఫెమ్‌లో మోడల్, చేతి లెక్కతో పోలిక’ అన్న ఒక్క లైను మేలని నా అభిప్రాయం. ప్రశ్నలు దాని మీదే వస్తాయి, జవాబులు మీ దగ్గర ఉంటాయి.

ఒక జాగ్రత్త. ట్రయల్ గడువు అయిపోయాక ఆ ఫైళ్లు మీ ల్యాప్‌టాప్‌లో తెరుచుకోవు. చివరి రోజు దాకా ఆగకుండా గ్రాఫులు బొమ్మలుగా, అంకెలు ఎక్సెల్‌లో తెరుచుకునే ఫైళ్లుగా బయటికి తీసి పెట్టుకోండి.