ముప్పై నాలుగు శాతం సరే, దేంట్లో?

సింగరేణి బొగ్గు గనుల కార్మికుల లాభాల వాటా ఏటా ఒక మెట్టు ఎక్కుతోంది. కూడికలు, తీసివేతలు చేసి చూస్తే కథ వేరేలా ఉంది.

చమురు కంపెనీల లాభాల మీద సర్కార్ల పెత్తనం గురించి ముఖచిత్ర కథనం కావాలన్నారు ఎడిటర్ గారు. గడువు గురువారం. వరంగల్‌లో చమురంటే పెట్రోలు బంకే. బొగ్గయితే మనదే. హనుమకొండ నుంచి పరకాల మీదుగా పోతే భూపాలపల్లిలో సింగరేణి వారి కాకతీయ ఖని బాయిలు. 2016లో జిల్లాలు చీలే దాకా అవి వరంగల్ జిల్లావే. అందుకే చమురును పక్కపెట్టెలోకి నెట్టి బొగ్గు లెక్క పట్టుకున్నాను.

2025 సెప్టెంబరులో, దసరాకు ముందు, ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డి సింగరేణి కార్మికులకు 34 శాతం లాభాల వాటా ప్రకటించారు. అంతకు ముందేడు 33, దానికి ముందు కేసీఆర్ హయాంలో 32. శీర్షికలకు ఈ అంకెలు చాలు. ప్రకటనలోని మిగతా అంకెలే నన్ను కదలనివ్వలేదు.

2022-23లో నికర లాభం 2,222 కోట్లు. అందులో 32 శాతమంటే 711 కోట్లు. ఇది సూటి లెక్క. మరుసటి ఏడు లాభం 4,701 కోట్లు. 33 శాతమంటే 1,551 కోట్లు రావాలి. పంచింది 796 కోట్లు. ముందే 2,289 కోట్లు పెట్టుబడులకని పక్కన పెట్టి, మిగిలిన 2,412 కోట్లలో శాతం కట్టారు. 2024-25లో లాభం 6,394 కోట్లకు చేరింది. ఈసారి పక్కన పెట్టింది 4,034 కోట్లు. మిగిలిన 2,360 కోట్లలో 34 శాతం, 802 కోట్లు.

రెండేళ్లలో లాభం మూడింతలకు దగ్గరైంది. కార్మికుల వాటా సొమ్ము ఎనిమిదో వంతు పెరిగింది. మొత్తం లాభంతో పోలిస్తే 32 శాతం వాటా 13 శాతం లోపుకు దిగింది. పక్కన పెట్టిన భాగమేమో 49 నుంచి 63 శాతానికి పెరిగింది. వాటా శాతాన్ని ముఖ్యమంత్రి చెబుతారు. ఈ శాతాన్ని మాత్రం మనమే భాగించి తెలుసుకోవాలి.

పక్కన పెట్టడమే తప్పనను. బొగ్గు తవ్వేకొద్దీ తరిగేదే. ఒడిశాలోని నైనీ గని 2025లో మొదలైంది. కర్ణాటకలోని దేవదుర్గ్‌లో బంగారం, రాగి అన్వేషణకు సింగరేణి లైసెన్సు గెలిచింది. రేపటి జీతాలకు ఇవాళ పెట్టుబడి పెట్టాల్సిందే. ఎంత పెట్టాలన్నదానికి ఒక సూత్రం ఉండాలి కదా! సంస్థలో రాష్ట్రానికి 51 శాతం, కేంద్రానికి 49 శాతం. బొగ్గు ఎక్కువగా కొనేవీ కరెంటు సంస్థలే. రాష్ట్ర విద్యుత్ సంస్థలు సింగరేణికి పడ్డ బాకీలు వేల కోట్లలో ఉన్నాయి. అమ్మేదీ, కొని బాకీ పడేదీ, లాభం ఇంతని పంచేదీ ఒకే సర్కారైతే ఎవరు ఎవరిని అడగాలి?

ఇంకో అంకె. పర్మినెంటు కార్మికుడికి సగటున 1,95,610 రూపాయలు. మస్టర్లను, అంటే హాజరును బట్టి, అండర్‌గ్రౌండా, ఓపెన్‌కాస్టా, సర్‌ఫేసా అన్నదాన్ని బట్టి ఎవరి మొత్తం వాళ్లది. సుమారు 30 వేల మంది కాంట్రాక్టు కార్మికులకు తలా 5,500. అంతకు ముందేడు 5,000తో తొలిసారి వాళ్లను లెక్కలోకి తీసుకున్నారు. అది మంచి పనే. కానీ అదే దుమ్ము పీల్చే ఇద్దరి మధ్య తేడా ముప్పై అయిదు రెట్లు!

చరిత్ర గబగబా: 1871లో విలియం కింగ్ ఇల్లెందు దగ్గర బొగ్గు కనిపెట్టారు. 1889లో తవ్వకం, 1920లో కంపెనీ, 1945లో నిజాం సర్కారు చేతికి. ఇల్లెందు కూడా 1953 దాకా వరంగల్ జిల్లాదే. లాభాల వాటా 1999-2000లో 10 శాతంతో మొదలైంది.

వచ్చే దసరాకు శాతం 35 అంటారేమో. చప్పట్లకు ముందు రెండు ప్రశ్నలు వేయాలి. పక్కన పెట్టింది ఎంత? నిరుడు పక్కన పెట్టింది ఏమైంది?

చమురు మాట
ఉక్రెయిన్ యుద్ధంతో ధరలు ఎగబాకాక 2022 జులై 1న కేంద్రం అనూహ్య లాభాల పన్ను వేసింది. దేశంలో తీసే ముడిచమురు మీద టన్నుకు 23,250 రూపాయలతో మొదలుపెట్టి, పదిహేను రోజులకోసారి సవరిస్తూ, 2024 డిసెంబరులో ఎత్తేసింది. గోదావరి జిల్లాల్లో ఓఎన్‌జీసీ తీసే చమురుకూ అది వర్తించింది. బ్రిటన్ 2022 మేలో 25 శాతం లెవీ ప్రకటించి, తర్వాత 38కి పెంచింది. ఆ సొమ్ము ఖజానాకు వెళ్తుంది, కార్మికుడికి కాదు.

వేలం గొడవ
కల్యాణఖని, కోయగూడెం, సత్తుపల్లి, శ్రావణపల్లి బొగ్గు బ్లాకుల వేలాన్ని వ్యతిరేకిస్తూ 2021 డిసెంబరు 9 నుంచి మూడు రోజులు సింగరేణి కార్మికులు సమ్మె చేశారు. 2024 జూన్‌లో కేంద్ర మంత్రి కిషన్ రెడ్డి హైదరాబాద్‌లో పదో విడత వేలం ప్రారంభిస్తే, శ్రావణపల్లిని నేరుగా సింగరేణికే ఇవ్వాలని ఉప ముఖ్యమంత్రి భట్టి విక్రమార్క అక్కడే అడిగారు. బ్లాకు కోసం కేంద్రాన్ని నిలదీసే రాష్ట్రం, లాభం పంచేటప్పుడు తన లెక్కనూ అంతే బాహాటంగా చూపాలి.