కండరముల పని

ఆటోనగరులో సుత్తి నెత్తు పనివాని బాహువును జూడుడు. మోచేయి ముడుచునపుడు ముందరి కండ పొట్టియై యుబ్బును; చాచునపుడు వెనుకటి కండ పనికి బూనును. కండరము లాగగలదు గాని నెట్టజాలదు. కావున నవి జంటలుగా నమరియున్నవి.

కండరములు మూడు విధములు. ఎముకల నంటియున్నవి మన యిచ్ఛకు లోబడును. ప్రేగులు, రక్తనాళములు మొదలగువాని నునుపు కండరములును, హృదయ కండరమును మన యాజ్ఞకై వేచియుండవు.

ఎముకల నంటిన కండరము తంతువుల కట్ట. తంతువునందు సన్నని యాక్టిన్ పోగులును, లావైన మయోసిన్ పోగులును వరుసలుగా నుండును. నాడి ప్రేరేపింపగనే కాల్షియము విడుదలయగును. మయోసిన్ తలలు యాక్టిన్‌ను బట్టి లాగును. పోగులు కుఱుచ గావు, ఒండొంటిపై జారునని 1954లో రెండు శాస్త్రజ్ఞ బృందములు తెలిపెను.

ఇందులకు శక్తి నిచ్చునది ఎ.టి.పి. అది తఱుగగనే మరల సమకూర్చునది ఫాస్ఫోక్రియాటిన్. 1895లో భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారు, అమెరికాలోని హార్వర్డు విశ్వవిద్యాలయమున సైరస్ ఫిస్కేగారితో గూడి, ఫాస్ఫోక్రియాటిన్‌ను 1927లోను, ఎ.టి.పి.ని 1929లోను కండరములయందు గనుగొన్నట్లు ప్రకటించిరి. జర్మనీలో లోమన్‌గారును 1929లోనే ఎ.టి.పి.ని వేఱుగా గనుగొనిరి.

పట్టు విడుచుటకును ఎ.టి.పి. వలయును. అది లేమిచేతనే మృతదేహము కొన్ని గంటలలో బిగిసిపోవును. తినిన యన్నమును, పీల్చిన ప్రాణవాయువును దానిని దేహమున సమకూర్చును. విద్యార్థులారా! శ్రమించువానికి కడుపునిండ నన్నమును, తగిన విశ్రాంతియు నొసగుట న్యాయమని మేము తలంచుచున్నాము. ఆ బాహువును నిర్మించిన సృష్టికర్తకును అది సమ్మతమే.