చూపు గెంతు వెనుక మెదడు

ఒక పుటను చదువుతున్నా, ఎదుటి మనిషి ముఖాన్ని చూస్తున్నా కన్ను నింపాదిగా కదులుతున్నట్టే తోస్తుంది గానీ, నిజానికి అది సెకనుకు సుమారు మూడుసార్లు ఒక బిందువు నుంచి మరొక బిందువుకు గెంతుతూ, గెంతుకూ గెంతుకూ నడుమ సెకనులో నాలుగో వంతు కాలమే నిలుస్తూ తన పని సాగిస్తుంది. ‘సకేడ్’ అని పిలిచే ఈ గెంతు అవసరం రెటీనా నిర్మాణంలోనే ఉంది. సూక్ష్మ వివరాలను పట్టగల కోన్ కణాలు రెటీనా నడుమ ఉన్న ఫోవియా అనే చిన్న గుంటలోనే కిక్కిరిసి ఉంటాయి. ఆ గుంటకు అందే దృశ్యభాగం చాచిన చేతి బొటనవేలి గోరంత. దాని చుట్టూ ఉన్నదంతా మసకే కనుక, చూడదలచిన ప్రతి వస్తువు మీదికీ ఫోవియాను తిప్పక తప్పదు.

పెద్ద గెంతులో కనుగుడ్డు వేగం సెకనుకు 500 డిగ్రీలు దాటుతుంది. 10 డిగ్రీల గెంతు సెకనులో ఇరవయ్యో వంతులోపే ముగుస్తుంది. రెటీనా మీద పడిన దృశ్యం మెదడును చేరి, తిరిగి కండరాలకు ఆజ్ఞగా మారడానికి అంతకన్నా ఎక్కువ కాలం పడుతుంది కాబట్టి, దారిలో చూసి సరిదిద్దుకునే వీలు లేదు. పైగా, గెంతు సాగే కాలంలో చెదిరిపోయే దృశ్యాన్ని మెదడు గమనింపుకు రానివ్వదు. అద్దంలో ఒక కంటి నుంచి మరో కంటికి చూపు మార్చే మనిషి తన కళ్లు కదలడాన్ని ఎన్నడూ చూడలేడు; పక్కన నిలిచినవారికి మాత్రం అది స్పష్టంగా కనిపిస్తుంది.

ఎటు చూడాలన్న ఎంపికలో మెదడు పైపొరలోని ముందరి, పక్క భాగాలు పాలుపంచుకుంటాయి. వాటి సంకేతాలు చేరే ముఖ్య స్థావరం మధ్య మెదడులో ఉన్న సుపీరియర్ కోలిక్యులస్ అనే చిన్న ఉబ్బు. అమెరికన్ శాస్త్రవేత్త డేవిడ్ రాబిన్సన్ 1972లో కోతుల మెదడులో ఈ భాగాన్ని స్వల్ప విద్యుత్తుతో ప్రేరేపించినప్పుడు, ప్రేరేపించిన చోటును బట్టి గెంతు దిశ, పరిమాణం నిర్ణయమవుతున్నట్టు తేలింది. అంటే అక్కడ చూపు గెంతుల పటం ఒకటి పరచుకుని ఉంది: ముందు వైపు చిన్న గెంతులు, వెనుక వైపు పెద్దవి.

ఆ ఎంపికను కంటి కదలికగా మార్చే పని మెదడు కాండానిది. ఈ విషయంలో అసలైన అద్భుతం అక్కడే ఉంది. కాండంలోని పాన్స్ భాగంలో ‘బర్స్ట్’ న్యూరాన్లు ఉంటాయి. గెంతుకు ముందు మౌనంగా ఉండే ఈ కణాలు, గెంతు వేళ ఒక్కుమ్మడిగా సెకనుకు వెయ్యి వరకు చేరగల వేగంతో సంకేతాలు వదిలి కంటి కండరాలను లాగిస్తాయి. చూపు నిలిచి ఉన్నంతసేపూ వాటిని అణచి ఉంచేవి ‘ఆమ్నిపాజ్’ న్యూరాన్లు. ఇవి ఎడతెగకుండా పనిచేస్తూ, గెంతు సాగినంతసేపు మాత్రమే ఆగుతాయి. అయితే చేరిన చోట కన్నును నిలపకపోతే, కంటిగూటిలోని కణజాలాల సాగుగుణం దాన్ని వెనక్కి లాగేస్తుంది. అందుకే మరికొన్ని నాడీకణాలు ఆ క్షణికమైన సంకేతాన్ని కూడి, నిలకడైన సంకేతంగా మార్చి కండరాలకు అందిస్తాయి. గురి తప్పుతున్నప్పుడు కొలతను క్రమంగా సరిచేసే బాధ్యత చిన్నమెదడుది.

ఇంత వివరంగా తెలిసిన ఈ ఏర్పాటుకు మనుషుల్లో బలమైన సాక్ష్యాల్లో ఒకటి భారతదేశం నుంచే వచ్చిందన్న సంగతి మరింత మందికి తెలియవలసి ఉంది. బొంబాయి నాడీవైద్యుడు నోషీర్ వాడియా, ఆర్.కె. స్వామి 1971లో ‘బ్రెయిన్’ పత్రికలో తొమ్మిది కుటుంబాల వంశపారంపర్య వ్యాధిని వర్ణించారు. ఆ రోగులకు నడకలో తూలుతో పాటు మరో విచిత్ర లక్షణం ఉండేది: చూపు గెంతదు, పాకుతుంది. సకేడ్ వేగం మనిషి ఇచ్ఛకు లోబడదు. మెలకువగా ఉన్న ఆరోగ్యవంతుడు ఎంత ప్రయత్నించినా దాన్ని నెమ్మది చేయలేడు. కనుక ఆ నిదానం దానంతట అదే ఒక ఆధారం. తల తిప్పినప్పుడు చెవి లోపలి సమతౌల్య అవయవం నడిపించే ప్రతిక్రియ ఇటువంటి రోగుల్లో కళ్లను చురుగ్గానే కదిలించగలదంటే, లోపం కండరాలది గానీ వాటి నాడులది గానీ కాదు, వేగాన్ని పుట్టించే కేంద్రానిది. ఈ వ్యాధితో మరణించినవారి మెదడు కాండాలను పరీక్షించినప్పుడు బర్స్ట్ న్యూరాన్లు నశించి ఉండటం కనిపించింది.

స్పైనోసెరెబెల్లార్ అటాక్సియా రెండో రకంగా గుర్తింపు పొందిన ఈ వ్యాధికి కారణమైన జన్యువు 1996లో బయటపడింది. వ్యాధి అధికంగా ఉన్న క్యూబాలోని హోల్గీన్ ప్రాంతంలో జరిగిన అధ్యయనాలు, జన్యుదోషం ఉండి ఇంకా తూలు మొదలవని వారిలో సైతం సకేడ్ వేగం తగ్గుతున్నట్టు చూపాయి. దీన్ని కచ్చితంగా కొలవడానికి పరికరాలు కావాలి గానీ, బాగా ముదిరిన నిదానాన్ని పసిగట్టడానికి వైద్యుడి రెండు వేళ్లే చాలు: రోగి తలను కదలనీయకుండా, ఎడంగా పట్టిన వేళ్లలో ఒకదాని నుంచి మరోదానికి చూపు మార్చమని చెప్పి, కళ్లు ఎలా చేరుకుంటున్నాయో గమనించాలి. స్కానింగ్ యంత్రం అందుబాటులో లేని ఊళ్లోనూ చేయగలిగిన ఈ పరీక్షను నడకలో తూలుతో వచ్చిన ప్రతి రోగికీ తప్పక చేయాలి.